హద్దు దాటని గొంతు: రేడియోలో వడపోత కథ

మన లక్ష్మీపూర్ కొరాపుట్ జిల్లాలో, కొరాపుట్‌కీ రాయగడకీ మధ్య కొండల్లో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీగా ఉన్న ఈ ప్రాంతం కొరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. పటం మీద గీత మారింది కానీ ఇళ్లలో మాట మారలేదు. ఇక్కడి తెలుగు కుటుంబాలు తెలుగులోనే మాట్లాడుకుంటూ వచ్చాయి. బడి, పుస్తకం, పత్రిక చేతికి అందని రోజుల్లో కూడా తెలుగు ఒక దారిలో వచ్చేది. ఆ దారి గాలి. ఆ బండి రేడియో.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. మరుసటి ఏడాది, 1964లో, మన పక్కనే జయపురం కేంద్రం మొదలైంది. జయపురం 1467 కిలోహెర్ట్జ్ మీద, విశాఖ 927 మీద ప్రసారం చేశాయి. రెండూ 100 కిలోవాట్ల కేంద్రాలే. కానీ లక్ష్మీపూర్ నుంచి చూస్తే జయపురం దగ్గర, విశాఖ దానికి రెండింతల దూరం, పైగా మధ్యలో తూర్పు కనుమలు. అంటే ఒడియాలోనూ గిరిజన భాషల్లోనూ మాట్లాడే దగ్గరి గొంతు పెద్దగా, తెలుగు మాట్లాడే దూరపు గొంతు సన్నగా మన రేడియోకి చేరతాయి.

ఇక్కడ ఒక ప్రశ్న. దగ్గర ఉన్న పెద్ద గొంతు కింద దూరపు సన్న గొంతు మునిగిపోకుండా ఇన్నేళ్లు ఎలా వినబడింది? జవాబులో రిసీవర్ పాత్ర సగం. మిగతా సగం మనకి కనబడని ఒక చిన్న అమరికది. అది ట్రాన్స్‌మిటర్‌కీ ఏరియల్‌కీ మధ్య కూర్చుని ఉంటుంది. దాని పేరు లో-పాస్ ఫిల్టర్. తక్కువ ఫ్రీక్వెన్సీని పోనిచ్చి, ఎక్కువ ఫ్రీక్వెన్సీని ఆపేసే వడపోత అన్నమాట. ఈ వ్యాసంలో దాని చరిత్ర చూద్దాం.

అందరి మీదా పడిన తొలి రేడియో

రేడియో పుట్టిన రోజుల్లో దానికి హద్దు అనేదే లేదు. మార్కోనీ కాలపు ట్రాన్స్‌మిటర్ ఒక నిప్పురవ్వ. రెండు లోహపు గుండ్ల మధ్య విద్యుత్తు టపటపా దూకితే ఆ కదలిక తరంగాలై పోయేది. ఆ తరంగం ఒక ఫ్రీక్వెన్సీలో నిలిచేది కాదు, అటూ ఇటూ చాలా వెడల్పుగా పరుచుకునేది. ఊళ్లో ఒకడు డప్పు కొడితే అన్ని వీధులకీ వినబడినట్టే, ఒకరు సందేశం పంపితే చుట్టుపక్కల అందరి రిసీవర్లలోనూ బరబరమనేది.

మన దేశంలో ఈ ఇబ్బందిని ముందే గుర్తించి జాగ్రత్త పడిన శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్. ఆయన 1895లో కలకత్తా టౌన్ హాల్‌లో గోడలు దాటి వెళ్లే తరంగాలతో గంట మోగించి చూపించారు. తన ప్రయోగాల్లో తరంగాలు పుట్టించే పరికరాన్ని లోహపు పెట్టెలో పెట్టేవారు. ఎటు పోవాలో అటే పోవాలి, పక్కకి కారిపోయేది రిసీవర్‌ని మోసం చేయకూడదు అన్నది ఆయన పద్ధతి.

1912లో టైటానిక్ ఓడ మునిగింది. ఆ తర్వాత గాలిలో సందేశాల గందరగోళం గురించి ప్రపంచమంతా మాట్లాడింది. అదే ఏడాది అమెరికా రేడియో చట్టం తెచ్చి, ఔత్సాహికులను 200 మీటర్ల కంటే చిన్న తరంగాలకి పంపేసింది. 1927లో వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీలో పంచుకున్నాయి. నిప్పురవ్వ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా ఆపేయాలనీ నిర్ణయించాయి. కాగితం మీద గీతలు గీశారు, బాగానే ఉంది. గీత దాటకుండా యంత్రాన్ని ఆపేది ఎవరు?

టెలిఫోన్ తీగలో దొరికిన జవాబు

ఆ జవాబు రేడియో వాళ్ల దగ్గర కాదు, టెలిఫోన్ వాళ్ల దగ్గర పుట్టింది. టెలిఫోన్ తీగ పొడుగయ్యేకొద్దీ మాట మసకబారిపోయేది. తీగకి మధ్యమధ్యలో కాయిల్స్ చుడితే మాట దూరం పోతుందని ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ సిద్ధాంతంగా చూపించారు. అమెరికాలో మైకేల్ పుపిన్, జార్జి కాంప్‌బెల్ 1899 ప్రాంతంలో ఈ పనినే చేశారు. పేటెంటు పుపిన్‌కి దక్కింది.

కానీ కాంప్‌బెల్ ఇంకో సంగతి పట్టుకున్నారు. కాయిల్స్ పెట్టిన తీగ ఒక ఫ్రీక్వెన్సీ వరకు మాటని చక్కగా మోస్తోంది. ఆ హద్దు దాటిందో, గోడ కట్టినట్టు ఆపేస్తోంది. మరొకరైతే దీన్ని తీగలోని లోపం అనుకుని వదిలేసేవారు. ఆయన దాన్నే పనిముట్టుగా మార్చారు. 1915లో కాంప్‌బెల్ అమెరికాలో, కార్ల్ విల్లీ వాగ్నర్ జర్మనీలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, కాయిల్స్‌నీ కెపాసిటర్లనీ వరుసగా పేర్చి విద్యుత్ వడపోత తయారుచేశారు. కాంప్‌బెల్ పేటెంటు 1917లో వచ్చింది. 1920లలో ఆటో జోబెల్, 1930లో ఇంగ్లండుకి చెందిన స్టీఫెన్ బటర్‌వర్త్ దాన్ని లెక్కల్లో పెట్టి ఇంకా మెరుగుపరిచారు. ఒకే తీగ మీద చాలామంది మాటలు కలిసిపోకుండా పంపడానికి మొదట ఇది పనికొచ్చింది. తర్వాత రేడియోకి వచ్చింది.

లోపల ఏం జరుగుతుంది?

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కాయిల్ ఎక్కువ అడ్డుకుంటుంది. కెపాసిటర్ దానికి తిరగబడి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తేలిగ్గా దారి ఇస్తుంది. అందుకని దారిలో కాయిల్ పెట్టి, దారికీ నేలకీ మధ్య కెపాసిటర్ పెడతారు. తక్కువ ఫ్రీక్వెన్సీకి కాయిల్ తెరిచిన తలుపులా, కెపాసిటర్ మూసిన కిటికీలా ఉంటాయి. అది నేరుగా ఏరియల్‌కి పోతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీకి కాయిల్ మూసిన తలుపు, కెపాసిటర్ తెరిచిన కిటికీ.

ట్రాన్స్‌మిటర్‌కి ప్రత్యేకంగా ఈ రకం వడపోతే ఎందుకు సరిపోయింది? ట్రాన్స్‌మిటర్‌లో అక్కరలేనిది చాలావరకు పైనే పుడుతుంది కాబట్టి. శక్తి పెంచే భాగం విద్యుత్తుని కుదుపులు కుదుపులుగా లాగుతుంది. దానివల్ల అసలు ఫ్రీక్వెన్సీతోపాటు దాని రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు కూడా పుడతాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. వీణ తీగ మీటినా ఇలాంటి పై స్వరాలు వస్తాయి. అక్కడ అవి నాదానికి తీపి. రేడియోలో అవి వేరేవాళ్ల ఇంట్లో పడే చెత్త.

జయపురం 1467 అయితే దాని రెట్టింపు 2934, మూడు రెట్లు 4401. ఇంకో లెక్క చూడండి. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్లు. దాని రెట్టింపు 1476. మీడియం వేవ్‌లో మన వైపు కేంద్రానికీ కేంద్రానికీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. 1467కి 9 కలిపితే 1476. అంటే హైదరాబాద్ ట్రాన్స్‌మిటర్‌లో వడపోత లేకపోతే దాని రెండో హార్మోనిక్ సరిగ్గా జయపురం పక్క గదిలో దిగుతుంది. పెద్ద తెలుగు కేంద్రం ఒడియా కేంద్రం పక్కన గోల చేసేదన్నమాట. గొంతు ఎవరిదైనా హద్దు ఒకటే.

వడపోత ఎంత ఆపుతుంది అనేది అందులో ఎన్ని కాయిల్స్, కెపాసిటర్లు ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. బటర్‌వర్త్ పద్ధతిలో మూడు భాగాలుంటే, హద్దుకి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర శక్తిలో సుమారు 64లో ఒక వంతే దాటుతుంది. ఐదు భాగాలుంటే సుమారు 1000లో ఒక వంతు. ఏడుంటే సుమారు 16,000లో ఒక వంతు.

ఇంత అవసరమా అనిపించవచ్చు. 30 మెగాహెర్ట్జ్ లోపు ట్రాన్స్‌మిటర్లకి అంతర్జాతీయ నియమాల్లో చాలాకాలం ఉన్న ఒక హద్దు ఏమిటంటే, అక్కరలేని ఏ ఒక్క ఫ్రీక్వెన్సీలోనూ 50 మిల్లీవాట్లు మించకూడదు. 100 కిలోవాట్లు అంటే లక్ష వాట్లు. అందులో 50 మిల్లీవాట్లు 20 లక్షల్లో ఒక భాగం. పెద్ద గొంతున్నవాడికి అంత చిన్న అల్లరికి కూడా అనుమతి లేదు.

ఆపిన శక్తి ఎక్కడికి పోతుంది?

వడపోత అనగానే మనకి టీ వడగట్టే జల్లెడ గుర్తొస్తుంది. టీ కిందికి, పిప్పి జల్లెడలో. మరి ఈ ఫిల్టర్‌లో పిప్పి ఎక్కడ? కెపాసిటర్ ద్వారా నేలలోకి పోయి పోయిందనుకుంటాం. అది సగం నిజం. అసలు విషయం ఏమిటంటే కాయిల్ గానీ కెపాసిటర్ గానీ శక్తిని తినవు. ఒక క్షణం దాచుకుని, మరో క్షణం తిరిగి ఇచ్చేస్తాయి. శక్తిని వేడిగా తినేది రెసిస్టెన్స్ మాత్రమే. మంచి ఫిల్టర్‌లో అది చాలా తక్కువ.

కాబట్టి లో-పాస్ ఫిల్టర్ అక్కరలేని శక్తిని చంపదు, వెనక్కి పంపుతుంది. ఘాట్ రోడ్డులో చెక్‌గేటు ఉందనుకోండి. మోటారు సైకిళ్లు, జీపులు పోతాయి. పెద్ద లారీలను గేటు మింగేయదు కదా, వెనక్కి తిప్పుతుంది. సన్న తాడుని గట్టి స్తంభానికి కట్టి ఊపినా ఇదే కనబడుతుంది. అల స్తంభం దాకా వెళ్లి మన చేతికే తిరిగి వస్తుంది.

వెనక్కి వచ్చిన హార్మోనిక్‌లో కొంత ట్రాన్స్‌మిటర్‌లోనే వేడిగా పోతుంది. ఎక్కువభాగం అసలు బయటికి రానే రాదు. ఎందుకంటే తీసుకునేవాడు లేకపోతే ఇచ్చేవాడూ ఇవ్వలేడు. ఏరియల్ వైపు దారి మూసుకుంటే ఆ ఫ్రీక్వెన్సీలో శక్తి ప్రవహించడమే తగ్గిపోతుంది. వెనక్కి తిరిగింది యంత్రానికి చేటు చేస్తుందనుకున్నచోట ఇంజనీర్లు ఇంకో దారి పెడతారు. అసలు ఫ్రీక్వెన్సీకి లో-పాస్ దారి, హార్మోనిక్స్‌కి వేరే హై-పాస్ దారి, ఆ రెండోదాని చివర ఒక రెసిస్టర్. అక్కడ అది వేడై ఆరిపోతుంది. కంప్యూటర్ కేబుల్ చివర ఉబ్బుగా ఒక నల్ల ముద్ద చూసే ఉంటారు. అందులో ఫెర్రైట్ అనే పదార్థం ఉంటుంది. అది కూడా ఎక్కువ ఫ్రీక్వెన్సీ శక్తిని చాలావరకు వేడిగా మార్చేస్తుంది.

తప్పు ఎవరిది? ఒక పాత తగువు

1940ల చివర్లో అమెరికా ఇళ్లలోకి టెలివిజన్ వచ్చింది. వెంటనే ఇరుగుపొరుగుల మధ్య తగువులు మొదలయ్యాయి. హామ్ రేడియో ఔత్సాహికుడు 28 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడితే దాని రెట్టింపు 56. అక్కడి టీవీ చానల్ 2 ఉన్నది 54 నుంచి 60 మెగాహెర్ట్జ్ మధ్య. పక్కింటి బొమ్మ మీద గీతలు పడేవి. అప్పుడు హామ్‌లు తమ ట్రాన్స్‌మిటర్‌ని లోహపు పెట్టెలో పెట్టి, ఏరియల్‌కి ముందు లో-పాస్ ఫిల్టర్ బిగించడం మామూలైంది. 30 వరకు పోనిచ్చి, 54 దగ్గరికి వచ్చేసరికి గట్టిగా ఆపేసే ఫిల్టర్ అది.

అయినా కొన్ని ఇళ్లలో గీతలు పోలేదు. అక్కడ తప్పు టీవీది. హామ్ తన హద్దులోనే మాట్లాడుతున్నా, ఆ దగ్గరి బలమైన తరంగాన్ని టీవీ తట్టుకోలేకపోయేది. దానికి మందు టీవీ వెనుక హై-పాస్ ఫిల్టర్. అంటే ఇద్దరికీ బాధ్యత ఉంది. కానీ రెండూ సమానం కాదు. హద్దులో ఉన్న పెద్ద గొంతుని వినేవాడు వడగట్టుకోగలడు. హద్దు దాటి తన ఫ్రీక్వెన్సీ మీదే పడిన చెత్తని వినేవాడు ఏ ఫిల్టర్‌తోనూ తీసేయలేడు. పాలల్లో నీళ్లు కలిశాక జల్లెడ ఏం చేస్తుంది? అది పుట్టిన చోటే ఆపాలి. రేడియో చరిత్ర మనకి నేర్పిన ముఖ్యమైన పాఠం ఇదే అని నాకు అనిపించింది.

ఆపదలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. హామ్‌ల ఫ్రీక్వెన్సీలు 7, 14, 21, 28 మెగాహెర్ట్జ్ అని ఒకదానికొకటి రెట్లుగా ఉంటాయి. ఒకే గుడారంలో ఒకరు 7 మీద మాట్లాడుతుంటే, ఫిల్టర్ లేకపోతే 14 మీద వినేవాడి చెవి మూసుకుపోతుంది. 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ ఒడిశా తీరాన్ని ఊడ్చేసినప్పుడు టెలిఫోన్లు పడిపోయాయి, హామ్ రేడియో పనికొచ్చింది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. 26న సునామీ వచ్చింది. ఆమె, తోటి హామ్‌లు అక్కడి నుంచి సమాచారం బయటికి పంపారు. అలాంటి వేళ దూరం నుంచి వచ్చే సన్నటి పిలుపు ఒక ప్రాణం కావచ్చు. దాన్ని పక్క సెట్టు చెత్త మింగేయకూడదు.

ఇప్పుడు చెత్త ఎక్కడ పుడుతోంది?

ఒకప్పుడు గాలిని పాడుచేసే శక్తి పెద్ద కేంద్రాలకే ఉండేది. వాటికి నియమాలూ ఫిల్టర్లూ వచ్చాయి. ఇప్పుడు చెత్త మన ఇంట్లోనే పుడుతోంది. సెల్‌ఫోన్ చార్జరు, ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టరు లోపల విద్యుత్తుని సెకనుకి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటాయి. ఒక చార్జరు 65 కిలోహెర్ట్జ్‌తో పనిచేస్తోందనుకుందాం. దాని 14వ రెట్టు 910. విశాఖ 927కి ఎంత దగ్గరో చూడండి. అది ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ జరుగుతుంది కూడా. ఇంటి వైర్లే దానికి ఏరియల్.

బాగా తయారైన చార్జరులో దీనికీ ఒక లో-పాస్ ఫిల్టర్ ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటుని లోపలికి రానిస్తుంది, లోపలి చెత్తని వైర్లలోకి పోనివ్వదు. చవకరకం వస్తువులో ధర తగ్గించడానికి ముందు తీసేసేది తరచు ఈ కాయిల్‌నీ కెపాసిటర్‌నీ. చార్జరు చార్జింగ్ చేస్తూనే ఉంటుంది కాబట్టి కొన్నవాడికి లోపం తెలియదు. తెలిసేది పక్క గదిలో రేడియో వినే తాతగారికి. ఆయన రేడియో పాడైందనుకుంటారు.

మీరూ ఒక పరీక్ష చేయొచ్చు. రాత్రిపూట బ్యాటరీ రేడియోలో దూరపు మీడియం వేవ్ కేంద్రం ఒకటి పట్టండి. రాత్రి ఆకాశంలోని అయనమండలం తరంగాలని తిప్పి పంపుతుంది కాబట్టి దూరపు కేంద్రాలు వస్తాయి. తర్వాత పెద్దవాళ్లకి చెప్పి ఇంట్లో బల్బులు, చార్జర్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. ఏది ఆపినప్పుడు బరబర తగ్గి మాట తేటగా వస్తుందో, అందులో వడపోత సరిగ్గా లేదని అర్థం. ఆ వస్తువు పేరు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఈసారి కొనేటప్పుడు గుర్తుంటుంది.

ఇది చిన్న విషయంలా కనబడుతుంది. ఇంటర్నెట్ ఉండగా మీడియం వేవ్ ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. కానీ కొండల్లో సిగ్నల్ లేని ఊళ్లు మనకి తెలుసు, తుఫాను రాత్రులూ తెలుసు. కరెంటు, టవరు రెండూ పోయినప్పుడు రెండు సెల్స్‌తో పనిచేసేది రేడియో ఒక్కటే. ఆ రాత్రి మన చుట్టూ చెత్త లేకుండా ఉంటే దూరపు మాట వినబడుతుంది.

పెద్ద గొంతు పక్కన చిన్న గొంతు బతకాలంటే పెద్ద గొంతు మూగబోనక్కర్లేదు. తన చోట తాను ఎంత గట్టిగా మాట్లాడినా ఫర్వాలేదు, పక్కవాడి చోటులోకి పొర్లకపోతే చాలు. జయపురం, విశాఖ, హైదరాబాద్ ఒకే ఆకాశాన్ని ఇన్నేళ్లుగా పంచుకున్నది ఆ పద్ధతిలోనే. రెండు మూడు భాషలు కలిసి బతికే మన ఊళ్లో ఈ మాట అర్థం చేసుకోవడం ఎవరికీ కష్టం కాదనుకుంటాను.